ఇరవై నిమిషాల టేబుల్

బట్టల దుకాణం ఆశీర్వాదం చేతిలో ఉన్నది రోజుకు ఇరవై నిమిషాలు. అవి కూడా మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి ఒకటీ యాభై దాకా, మెదక్ ఊళ్లో ఆఫీసర్లంతా అన్నం తిని కునుకు తీసే వేళ. గడువు నాలుగు వారాలు. ఆదివారాలు పోగా ఇరవై నాలుగు రోజులు. మొత్తం ఎనిమిది గంటలు. ఆ ఎనిమిది గంటల సాధనతో అతను పదేళ్లుగా రోజూ రెండేసి గంటలు బిలియర్డ్స్ ఆడుతున్న మనిషిని ఓడించాలి. ఓడిస్తే సాయంత్రం ఒక గంట టేబుల్ అతనిది. ఓడితే బంతిని కొట్టే ఆ కర్ర మళ్లీ ముట్టుకోకూడదు.

ఇంత నష్టపు బేరం ఒక బట్టల వ్యాపారి ఎలా ఒప్పుకున్నాడంటే, కోపంలో ఒప్పుకున్నాడు.

క్లబ్బు సర్కారు కచేరీ వెనక ఉంది. నిజాం కాలంలో తెచ్చిన టేబుల్ అందులో ఒకే ఒక్కటి. పన్నెండు అడుగుల పొడుగు, అడుగున పలకరాయి, పైన బనాతు అనే ఆకుపచ్చ ఉన్ని గుడ్డ. పొద్దున భూములున్న ఇళ్ల కుర్రాళ్లు ఆడతారు. సాయంత్రం ఆఫీసర్లు, వకీళ్లు ఆడతారు. వ్యాపారులకు మధ్యాహ్నం ఒక గంట. వ్యాపారి మెంబర్లు ముగ్గురు కాబట్టి ఆ గంటను మూడు ముక్కలు చేసి తలా ఇరవై నిమిషాలని రాసి గోడకు అంటించారు. బియ్యం మిల్లు సేటుకు కర్ర ఏ చివర పట్టుకోవాలో తెలియదు. కిరాణా సేటు ఏడాదికి ఒకసారి గ్రూపు ఫోటో దిగడానికి వస్తాడు. వాళ్ల నలభై నిమిషాలూ టేబుల్ మీద దుప్పటి కప్పే ఉంటుంది. ఆ దుప్పటిని చూస్తూ ఆశీర్వాదం మూడేళ్లు నిలబడ్డాడు.

టేబుల్ చూసుకునే మార్కర్ జయానందం ముసలివాడు. ఆదివారం చర్చిలో ఆశీర్వాదం వెనక బెంచీలోనే కూర్చుని గొంతెత్తి పాడతాడు. సోమవారం గడియారం చేతపట్టుకుంటే మాత్రం అర నిమిషం కూడా వదలడు.

"మిల్లు సేటు టైము మిల్లు సేటుదే తమ్మీ. రూలు."

"ఆయన రాడు గద అన్నా!"

"రాకపోయినా ఆయనదే."

ఒక గురువారం నాడు ఓపిక తెగి ఆశీర్వాదం నేరుగా సెక్రటరీ మదన్ మోహన్ దగ్గరికి పోయాడు. మదన్ మోహన్‌ది అల్లాదుర్గ్ వైపు పెద్ద భూములున్న ఇల్లు. చేతికి బంగారు గడియారం, నోటికి అడ్డూ అదుపూ లేదు. చుట్టూ నలుగురు కూర్చుని చాయ్ తాగుతున్నారు.

"సెక్రటరీ సాబ్, ఆ ఇద్దరు ఎన్నడూ రారు. వాళ్ల నలభై నిమిషాలు నా పేర రాయుండ్రి."

"ఆటేమన్నా జాకెట్ గుడ్డనా ఆశీర్వాదం, నువ్వు అడిగినంత చింపి ఇయ్యడానికి?"

చాయ్ తాగేవాళ్లు నవ్వారు. ఆశీర్వాదానికి చెవులు వేడెక్కాయి. అతని వయసు నలభై. ఆ గదిలో అతన్ని గారు అన్నవాడు లేడు, మీరు అన్నవాడు లేడు. దుకాణానికి వచ్చి అప్పుగా ధోవతుల చాపు పట్టుకుపోయేటప్పుడు మాత్రం ఇదే నోరు అన్నా అంటుంది.

"చందా మాత్రం కొలిచే తీసుకుంటరు గద సాబ్. నాది ఏమన్న తక్కువ వచ్చిందా?"

మదన్ మోహన్ కప్పు కింద పెట్టాడు.

"అట్లనా? అయితే నాతోని వంద పాయింట్ల ఆట ఆడు. నాలుగు వారాలు టైమిస్తున్న. గెలిస్తివా, సాయంత్రం ఆరు నుంచి ఏడు నీకే. ఓడితివా, కర్ర ముట్టొద్దు, ఈ దిక్కు చూడొద్దు. పో, ఇరవై పాయింట్లు నీకు ముందే ఇస్తున్న. దానం."

ఆ ఆఖరి మాట ఎముకకు తగిలింది. మొహం మీద కొట్టి వెళ్లిపోవాలనిపించింది. కానీ అమ్మేవాడు తనంతట తాను ధర తగ్గిస్తే వద్దనే మనిషి కాదు ఆశీర్వాదం.

"ఇరవై అన్నరు. నలుగురి ముందట అన్నరు. రాసి సంతకం పెట్టుండ్రి," అన్నాడు.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. టేబుల్ మీద మూడే బంతులు, అంచుల వెంట బంతులు పడే ఆరు సంచులు. ఇద్దరికీ చెరొక తెల్లది, మధ్యన ఒక ఎర్రది. తన బంతితో మిగతా రెండింటినీ తాకిస్తే రెండు పాయింట్లు. ఎర్రదాన్ని మూల సంచిలోనో, పక్క సంచిలోనో పడేస్తే మూడు. తన బంతే ఎర్రదానికి తగిలి సంచిలో పడినా మూడే; పాయింట్లు వస్తున్నంతసేపూ వంతు అతనిదే. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. చెయ్యి వెంట్రుకవాసి వణికితే బంతి బెత్తెడు పక్కకు పోతుంది.

సోమవారం మొదలుపెట్టి మొదటి నాలుగు రోజులు ఆశీర్వాదం ఆకలిగొన్నవాడిలా అన్ని దెబ్బలూ కొట్టాడు. చివరి మూలకు కొట్టాడు, అడ్డంగా కొట్టాడు, టేబుల్ అంచు గోడకు తగిలించి కొట్టాడు. ఒక్కటీ కుదరలేదు. నాలుగో రోజు ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చుని అన్నాన్ని కెలుకుతుంటే, కొడుకు పేరుతో అతన్ని పిలిచే భార్య ఎలిశిబా చూసింది. అతను క్లబ్బుకు పోయినప్పుడు దుకాణంలో గల్లా దగ్గర కూర్చునేది ఆమే. ఏడుపాయల జాతర దగ్గర పడుతున్న రోజులు, బేరాలు జోరుగా ఉన్నాయి.

"ఏంది రిచర్డ్ నాయినా, బువ్వ మీద కోపమెందుకు?"

చెప్పాడు. ఆమె విని మూతి విరిచింది.

"బస్సు నిలబడ్డది, ఐదు నిమిషాలల్ల చీర గావాలని ఒకామె వస్తది. అప్పుడు నువ్వు ముప్పై చీరలు ఇప్పి పరుస్తవా?"

"ఎందుకు పరుస్త? ఆమె మొకం జూసి ఒక్కటి తీసి చేతుల పెడుత."

"మరి ఆడ ముప్పై ఎందుకు పరిచినవ్?"

ఆశీర్వాదానికి భార్య మీద కూడా కోపం వచ్చింది, ఆ మాట తనకు తట్టనందుకు.

మర్నాడు అతను ఆడటం మానేసి తన ఇరవై నిమిషాలను తూచాడు. దుప్పటి తీసి మడతపెట్టడానికి రెండు నిమిషాలు. కర్ర ఎంచి కొనకు సుద్ద రుద్దడానికి ఒకటి. పన్నెండు అడుగుల టేబుల్ చుట్టూ తిరిగి బంతులు ఏరుకోవడానికి ఎనిమిది. మొత్తం పదకొండు పోయాయి. చేతితో కొట్టేది తొమ్మిది నిమిషాలే. ఆ తొమ్మిదిలో ఇరవై నాలుగు దెబ్బలు, ఆరు రకాలవి. అంటే ఒక్కొక్క రకం నాలుగేసి సార్లు. రోజుకు నాలుగు సార్లు చేసిన పని ఏ చేతికి వస్తుంది?

అందుకని ఒకే దెబ్బ ఎంచుకున్నాడు. ఎర్ర బంతి టేబుల్ నడుమ ఉంటుంది. ఈ చివర గీసిన అర్ధచంద్రంలోంచి తన తెల్ల బంతిని కొట్టాలి. అది ఎర్రదానికి సగం తగిలి, పక్క సంచిలో పడాలి. బలం సరిగ్గా కుదిరితే ఎర్ర బంతి అవతలి గోడదాకా పోయి తిరిగి నడిమికే వస్తుంది. సంచిలో పడ్డ తన బంతిని తీసి అర్ధచంద్రంలో పెట్టుకుంటే మళ్లీ అదే దెబ్బ, మళ్లీ మూడు పాయింట్లు. ఇంకో లాభం ఏమిటంటే, పక్క సంచి అర్ధచంద్రానికి మూడే అడుగులు. టేబుల్ చుట్టూ తిరిగే పని లేదు. జయానందాన్ని బతిమాలడం దండగ కాబట్టి, ఒంటిగంట ఇరవైకే పోయి వరండాలో నిలబడి, కర్రకు సుద్ద రుద్దుకుని, గంట కొట్టగానే లోపలికి దూసుకుపోయేవాడు. ఇరవై నాలుగు దెబ్బలు అరవై అయ్యాయి.

దుకాణంలో కూడా ఊరుకోలేదు. గజాలు పోయి మీటర్లు వచ్చిన కొత్త అది. సర్కారు వద్దన్న పాత గజం బద్ద మూలకు పడి ఉంది. ఖాళీ సోడా సీసాను బల్ల మీద పడుకోబెట్టి, బద్ద కొనను చెక్కి సన్నం చేసి, సీసా మూతికి తగలకుండా లోపలికీ బయటికీ ఆడించేవాడు. మోచెయ్యి కదలాలి, భుజం కదలకూడదు. బద్ద గాజుకు తగిలి చప్పుడైతే మొదటి నుంచి లెక్క. జాతరకు చీర కొనడానికి వచ్చిన ఐలమ్మ అది చూసి నోరు నొక్కుకుంది.

"ఏంది సేటూ, సీసకు పల్లు తోముతున్నవా?"

"అవు అవ్వా. దానికీ జాతరకు పోవాల్నంట."

మొదటి వారం పది దెబ్బలకు మూడు పడ్డాయి. రెండో వారం ఐదు. మూడో వారం శుక్రవారం నాటికి ఏడు. పదిహేడు రోజులు ఖర్చయ్యాయి, ఏడు మిగిలాయి. గిట్టుబాటు బేరమే అనుకున్నాడు.

ఆ సాయంత్రమే మదన్ మోహన్ ఎవరికో గొప్పలు చూపబోయి కర్రతో గట్టిగా పొడిస్తే బనాతు జానెడు చిరిగింది.

శనివారం పొద్దున్నే క్లబ్బు జవాను దుకాణం ముందు నిలబడ్డాడు.

"సెక్రటరీ సాబ్ రమ్మంటుండు. కత్తెర తెచ్చుకోమన్నడు."

ఆశీర్వాదం పోయాడు. బీరువాలో ఏళ్లుగా దాచిన కొత్త బనాతు చుట్టను మదన్ మోహన్ కాలితో చూపించాడు. టేబుల్‌కు అది పరిచి బిగించాలి. ఊళ్లో గుడ్డ తెలిసినవాడు ఆశీర్వాదమే. అందుకు ఎంత టైము కావాలన్నా తీసుకోవచ్చు. పొద్దు, మధ్యాహ్నం, సాయంత్రం, ఎవరూ అడ్డం రారు.

చందా కట్టిన మెంబరుగా వస్తే ఇరవై నిమిషాలు. కత్తెర పట్టుకుని పనివాడిగా వస్తే రోజులకు రోజులు! కత్తెర అక్కడే విసిరేసి వచ్చేద్దామనుకున్నాడు. విసరలేదు. మనసులో కూడిక తీసివేత జరుగుతోంది.

"కూలి వద్దు సాబ్. పని అయినంక బంతులు దొర్లించి సూసుకోవాలె. అది అయ్యేదాక ఎవ్వరు రావొద్దు."

"నీ ఇష్టం. నేను హైదరాబాదు పోతున్న, పంచాయతీ సమితి పదవి పని ఉంది. ఆట నాటికి వస్త."

మదన్ మోహన్ బయలుదేరే హడావిడిలో ఉండగా ఆశీర్వాదం చిరిగిన పాత బనాతు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నిమిరాడు. మళ్లీ ఇటు నుంచి అటు నిమిరాడు. చెయ్యి ఆగిపోయింది.

బనాతుకు నూగు ఉంటుంది. పిల్లి వీపు మీది బొచ్చులా ఒక వైపుకు వాలి ఉంటుంది. వాలులో నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే గరుగ్గా తగులుతుంది. ఈ టేబుల్‌కు నూగు అర్ధచంద్రం వైపు నుంచి అవతలికి వాలాలి. ఇక్కడ అది తలకిందులుగా ఉంది.

"అన్నా, ఈ గుడ్డ ఎవరు బిగించిండ్రు?" అని జయానందాన్ని అడిగాడు.

"తూప్రాన్ నుంచి జట్కా సీట్లు కుట్టేటాయన వచ్చిండు. పన్నెండేండ్లాయె. ఏ?"

జట్కా సీటుకు నూగు ఎటు ఉంటే ఏమిటి? ఆయన తనకు అనువైన వైపు నుంచి మేకులు కొట్టుకుంటూ పోయాడు. పన్నెండేళ్లుగా క్లబ్బంతా ఎదురు నూగు మీద ఆడుతోంది. బంతి చివర్లో మందగించి పక్కకు వాలుతుంటే, అది ఆటలో ఉన్న గుణమే అనుకుని, కాస్త బలంగా, కాస్త పక్కకు చూసి కొట్టడం నేర్చుకున్నారు. మదన్ మోహన్ చెయ్యి అలాగే తయారైంది. పదిహేడు రోజుల తన చెయ్యి కూడా అలాగే తయారైంది.

ఆశీర్వాదం కొత్త బనాతు చుట్ట విప్పాడు. కొత్త గుడ్డను కూడా తలకిందులుగా బిగిస్తే పట్టుకునేవాడు ఊళ్లో లేడు. కష్టపడి సంపాదించిన ఏడు దెబ్బలు ఏడుగానే ఉంటాయి. సరిగ్గా బిగిస్తే అవి ఏ మూడుకో పడిపోతాయి. ఇంతా చేసి తన వేళ్లతో తానే తన సరుకు పాడుచేసుకోవాలా? కానీ నూగు ఎదురుగా పెట్టి మఖమల్ జాకెట్ గుడ్డ కూడా అతను ఏనాడూ కోసి ఇవ్వలేదు. రేపు ఎవడైనా ఆ బనాతు మీద చెయ్యి పెట్టి 'ఇది ఆశీర్వాదం బిగించింది' అంటే, ఆ మాట తన దుకాణం దాకా నడిచి వస్తుంది. అప్పుడే ఇంకో లెక్క కూడా తోచింది. తను మరిచిపోవలసింది పదిహేడు రోజులు. అవతలివాడు మరిచిపోవలసింది పదేళ్లు.

ఆ లెక్కను దాచిపెట్టుకుని గెలిస్తే దొంగ తూకమే. గబగబా వరండాలోకి పోయాడు.

"సాబ్, ఒక్క మాట. ఇన్నేండ్లు గుడ్డ ఉల్టా ఉండె. నేను సీదా బిగిస్తున్న. బంతి నడక మారుతది. ఆటకు ముందు జర చెయ్యి చూసుకోండ్రి."

మదన్ మోహన్ జీపెక్కుతూ వెనక్కి తిరిగాడు. "బట్టలోడివి, బట్ట పని చెయ్. టేబుల్ సంగతి నాకు చెప్పొస్తున్నవా?"

సరుకులో తేడా చెప్పడం వ్యాపారి పని. వినడం కొనేవాడి పని. జీపు లేపిన దుమ్ములో ఆశీర్వాదం పళ్లు నూరుతూ నిలబడ్డాడు. ఆ మాట విన్నవాడు జయానందం ఒక్కడే.

శనివారం అంతా, సోమవారం మూడింటి దాకా గుడ్డ లాగి బిగించి, ఇస్త్రీ చేసి, బ్రష్షు కొట్టడానికే సరిపోయింది. సోమవారం మూడు నుంచి ఐదు దాకా బంతులు దొర్లించి చూశాడు. మొదటి పదిలో రెండే పడ్డాయి. కొత్త గుడ్డ మీద బంతి నూనె రాసినట్టు పోతోంది. చేతి బలాన్ని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోయాడు. రెండు గంటలు, ఒకే దెబ్బ. ఆ తర్వాత మిగిలిన ఐదు మధ్యాహ్నాలూ అదే పని. శనివారానికి పదికి ఎనిమిది.

ఆ మరుసటి సోమవారం, ఆట నాటి సాయంత్రం, క్లబ్బు నిండింది. మదన్ మోహన్ ఆ మధ్యాహ్నమే హైదరాబాదు నుంచి దిగాడు. బోర్డు మీద జయానందం ముందుగానే ఆశీర్వాదం పేర ఇరవై పెట్టాడు. ఎవరో "దానం పాయింట్లు" అన్నారు. కొందరు నవ్వారు.

మదన్ మోహన్ మొదటి దెబ్బ కొట్టాడు. బంతి ఆగవలసిన చోట ఆగకుండా పోయి గోడకు తగిలి వెనక్కి వచ్చింది. రెండోసారి ఇంకా దూరం పోయి, దెబ్బ తప్పి, వంతు పోయింది. ఆశీర్వాదం వరసగా ఏడు దెబ్బలు కొట్టాడు. ఏడూ పక్క సంచిలో పడ్డాయి. ఇరవై కాస్తా నలభై ఒకటి అయింది.

మదన్ మోహన్ కర్రను నేలకేసి కొట్టాడు.

"ఆట బంద్! వీడు టేబుల్ పాడు చేసిండు. గుడ్డల ఏందో మాయ పెట్టిండు!"

"మాయ లేదు. మీకు ముందే చెప్పిన," అన్నాడు ఆశీర్వాదం.

"ఎవనికి చెప్పినవ్? ఎవడు విన్నడు?"

ఆశీర్వాదం జయానందం వైపు చూడలేదు. అర నిమిషం కూడా వదలని మనిషి సెక్రటరీ పెట్టే జీతం వదులుకుంటాడా? ఆ గదిలోంచి ఉత్త చేతులతో బయటికి నడిచే దారిని అప్పటికే అతని కళ్లు వెతుకుతున్నాయి.

"చెప్పిండు సాబ్," అన్నాడు జయానందం, బోర్డు వైపే తిరిగి ఉండి. "మీరు జీపెక్కుతున్నప్పుడు చెప్పిండు. నేను విన్న. చెయ్యి చూసుకోమన్నడు. మీరు తిట్టిండ్రు."

మూల కుర్చీలో కూర్చున్న ముసలి డాక్టరు "అయితే ఆడవయ్యా మదన్ మోహన్," అన్నాడు. ఇక ఆడక తప్పలేదు.

మదన్ మోహన్ మంచి ఆటగాడు, అది అబద్ధం కాదు. పావుగంటలో చెయ్యి సర్దుకున్నాడు. ఆశీర్వాదం బలం ఒక్క దెబ్బలోనే. ఎర్ర బంతి నడిమి నుంచి తొలగితే అతనికి ఒకటీ అరా తప్ప రావు. అవతల ముప్పై, నలభై, డెబ్బై అని బోర్డు కదులుతూనే ఉంది. మదన్ మోహన్ తొంభై మూడు, ఆశీర్వాదం ఎనభై రెండు. అప్పుడు మదన్ మోహన్ చివరి మూలకు గురిచూసి, మొదట కొట్టినంత బలంగానే కొట్టాడు. కోపం కావచ్చు, పదేళ్ల అలవాటు కావచ్చు. ఎర్ర బంతి మూల తప్పి గోడకు తగిలి, దొర్లుకుంటూ వచ్చి టేబుల్ నడుమ ఆగింది.

ఆశీర్వాదం అంతకుముందే సంచిలో పడి ఉన్న తన బంతి తీసుకుని అర్ధచంద్రంలో పెట్టాడు. చుట్టూ ఎవరున్నారో చూడలేదు. ఆరు దెబ్బలు. పద్దెనిమిది పాయింట్లు. నూరు.

చప్పట్లు కొట్టింది డాక్టరు ఒక్కడే.

"నేను పెట్టిన దానంతోని గెలిచినవ్," అన్నాడు మదన్ మోహన్.

"సంతకం పెట్టిన బేరం సాబ్ అది. సాయంత్రం ఆరు నుంచి ఏడు. ఇప్పుడే రాయుండ్రి."

గోడ కాగితం మీద రాశారు. మర్నాడు ఆరింటికి ఆశీర్వాదం ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాడు. టేబుల్ చుట్టూ ఉన్న ఐదుగురూ అతను గుమ్మంలో అడుగు పెట్టగానే లేచి పేకాట గదిలోకి వెళ్లిపోయారు. ఆఖరున మదన్ మోహన్ లేచాడు.

"మీరు ఎవ్వరు ఆడరా సాబ్?" అని అడిగాడు ఆశీర్వాదం. నిజానికి అడగదలచింది నాతో ఎవరూ ఆడరా అని.

"టేబుల్ ఇస్తనన్న, ఇచ్చిన. మనుషులను ఇస్తనన్ననా?"

తలుపు మూసుకుంది. అవతల నుంచి నవ్వులు వినిపించాయి. ఆశీర్వాదం చేతిలో కర్ర విరిగిపోయేంతగా పిడికిలి బిగుసుకుంది. తలుపు తన్ని లోపలికి పోవచ్చు. పోతే, ఆ గొడవను సాకుగా పెట్టి రేపే అతని పేరు కొట్టేస్తారు. గోడ గడియారం వైపు చూశాడు. అప్పటికే నాలుగు నిమిషాలు పోయాయి. కర్రకు సుద్ద రుద్దుకుని వంగాడు.

ఏడింటికి బయటికి వచ్చి ఇంటికి నడుస్తూ లెక్క చూసుకున్నాడు. పెట్టింది ఐదు గంటల నలభై నిమిషాలు ఉల్టా గుడ్డ మీద, మూడు గంటల నలభై నిమిషాలు సీదా గుడ్డ మీద, కూలి లేని రెండు రోజుల పని. వచ్చింది వారానికి ఆరు గంటలు. జతకు ఆడే మనిషి లేడు. జయానందం అనే మనిషి ఒకడు దొరికాడు, అతన్ని లెక్కపుస్తకంలో ఏ ఖానాలో వేయాలో ఇంకా తెలియదు. కోపం తరగలేదు. దానంగా వచ్చిన ఇరవై తీసేస్తే తన చేతితో కొట్టినవి ఎనభై, అవతలివాడివి తొంభై మూడు. ఇంకా పదమూడు తక్కువ.